వేలికి తగిలించిన మీటరు

ఒడెస్సా పెద్దమ్మకు,

మెంఫిస్ ఆసుపత్రిలో పెదనాన్నను చూసుకున్న నర్సుని, నేనే రాస్తున్నాను. "చివరికి ఏమన్నాడే?" అని మీరడిగితే, ఏమీ అనలేదన్నాను. అది అబద్ధం.

"ఊపిరాడటం లేదే తల్లీ" అన్నారు. ఆయన వేలికున్న ఆక్సిజన్ మీటరు తొంభై ఆరు శాతం చూపిస్తోంది. "అంతా బాగానే ఉంది, కంగారుపడకండి" అన్నాను.

"నువ్వు కూడా నమ్మవా? మన పిల్లవేగా!" అన్నారు. సాయంత్రానికి పోయారు.

నల్లటి ఒంటి మీద ఆ మీటరు లేని ప్రాణవాయువును ఉన్నట్టు చూపిస్తుందని నాకు ముందే తెలుసు. అయినా రక్తం తీసి చూడలేదు.

మన నల్లవాళ్లెవరైనా ఆయాసమంటే ఇకమీదట వెంటనే రక్తపరీక్ష చేయాలని రేపు మా నర్సులం పెద్ద డాక్టర్లను అడగబోతున్నాం. పెదనాన్న సంగతి నేనే చెప్పాలి. ఆ నర్సెవరని అడుగుతారు. నా పేరు చెబుతాను. వాళ్లకంటే ముందు మీకు తెలియాలనిపించింది.

మీ ముందు తలెత్తలేని
పిల్ల