బావ బిగించిన మెట్లు

బావా,

అందరూ కులాసా అనుకుంటాను. షెడ్డులో రంపాల మోతకి ఫోన్ వినపడదనీ, తిట్లయినా సరే కాగితం మీద రాయమనీ నువ్వే అన్నావు కాబట్టి రాస్తున్నాను.

నిన్న వ్యాన్‌లో మీ ఇంటికి వచ్చిన సామాను గురించి. మా బ్యాండు నెలరోజులు ఊళ్ళు తిరిగి వాయించడానికి బయల్దేరింది. వానల్లో నా బేస్ గిటారు తిప్పితే పాడైపోతుందనీ, ఈ నెలకి అద్దె గిటారుతో సరిపెట్టుకోమనీ మా గాయకుడు సలహా ఇచ్చాడు. "మీ బావది చెక్కపని కదా, చెక్క వస్తువుకి అంతకంటే భద్రమైన చోటేముంది?" అని కూడా తనే అన్నాడు. తన గొంతు గురించి తప్ప ఇంకొకరి వస్తువు గురించి ఈ మనిషి ఆలోచించడం ఇదే మొదలు. వయసు పెరిగేకొద్దీ తన గొంతు పైకి లేస్తోందని ఈమధ్య ఊరంతా చెప్పుకుంటున్నాడు. మేం తలలూపుతున్నాం.

నల్లపెట్టె తెరవొద్దు. పెద్ద స్పీకరు మీద మీరెవరూ కూర్చోవద్దు. కాలితో నొక్కే చిన్న డబ్బాలు పిల్లలకి ఆటకి ఇవ్వొద్దు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, తిరిగి రాగానే ఒక పెద్ద హోటల్ వాళ్ళు మమ్మల్ని పిలిచి వింటారు. నచ్చితే ఏడాది పొడుగునా వారం వారం అక్కడే వాయించొచ్చు. జనం పళ్ళాలు పట్టుకుని మమ్మల్ని తోసుకుంటూ పోయే ఫంక్షన్ల బాధ తప్పుతుంది. మాలో ఏ ఒక్కడు తేలిపోయినా అందరికీ తలుపు మూసేస్తారు. ఆ రోజు నేను వాయించేది ఆ నల్లపెట్టెలో ఉన్నదాన్నే. నా బతుకంతా అందులో ఉంది.

ఇట్లు,
నీ ఏకైక బామ్మర్ది

తా.క.: మీ తమ్ముడు బ్యాండులో ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే "వెనకాల నిలబడతాడు" అని చెప్పడం మానెయ్యమని అక్కకి చెప్పు.

*

చిరంజీవి బామ్మర్దికి మీ బావ ఆశీస్సులు.

నీ బతుకు క్షేమంగా చేరింది. ఇద్దరు పట్టుకుంటే గానీ లోపలికి రాలేదు. ఆ నల్లపెట్టె ఆకారం చూసి ఎదురింటాయన పేపరు పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. ఎవరు పోయారని అడిగాడు. ఇంకా ఎవరూ పోలేదన్నాను.

తెరవొద్దన్నావు కాబట్టి తెరిచాను. నువ్వు రాయకపోయి ఉంటే నాకా ఆలోచనే వచ్చేది కాదు. తెరిచాక గుండె కలుక్కుమంది. ఒరేయ్, నిన్నెవడో నిలువునా ముంచాడు. గిటారు అన్నాక ఆరు తీగలుంటాయి. దీనికి నాలుగే ఉన్నాయి. మిగతా రెండూ ఎవడు మింగాడు? అదీ పోనీ. మెడ మీద అడ్డంగా వరసగా లోహపు మెట్లుంటాయి కదా, వేళ్ళు పెట్టడానికి? ఒక్కటంటే ఒక్కటి లేదు! బోడిగుండులా నున్నగా ఉంది. ఏ స్వరం ఎక్కడుందో వేలికి ఎలా తెలుస్తుందిరా? తడుముకోవడమేనా?

నా షెడ్డులోకి సగం పనితో వచ్చిన వస్తువు సగం పనితో బయటికి పోదు. అది నా పద్ధతి. మెట్ల కొలతలు తెలిసిన మనిషి కూడా దొరికాడు. నువ్వు నిశ్చింతగా వాయించుకో.

స్పీకరు మీద మేమెవరం కూర్చోలేదు. బేరానికి వచ్చినవాళ్ళు కూర్చుంటున్నారు. ఒకాయనకి తెగ నచ్చి, భోజనాల బల్లకి సరిపోయేలా ఇలాంటివి ఓ జత చేసిపెట్టమన్నాడు.

ఆశీస్సులతో,
బావ

తా.క.: నీ పొడుగాటి నల్ల వైరు ఎంత గట్టిదిరా! తడి దుప్పట్లు ఆరేసినా సాగలేదు. మీ అక్క నిన్ను మెచ్చుకోగా వినడం, నా పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి.

*

బావా! ఆగు!

చేతిలో ఉన్న రంపం కింద పెట్టి, ఆ తర్వాత చదువు.

బేస్‌కి ఉండేవే నాలుగు తీగలు. ఎవడూ మింగలేదు. ఇక మెట్లు. అవి లేకపోవడం లోపం కాదు మహానుభావా, అదే దాని గొప్ప! కావాలని మెట్లు లేకుండా చేయించుకున్న గిటారు అది. మెట్లున్నదాని మీద ఎవడైనా వాయిస్తాడు, పట్టాల మీద రైలు నడిపినట్టు. మెట్లు లేనిదాని మీద స్వరం ఎక్కడుందో చెవితో వెతుక్కోవాలి. వేలు జారుతుంటే తీగ మనిషిలా మూలుగుతుంది. దానికి చెవి ఉండాలి.

మా బ్యాండులో అంత చెవి ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. గొప్పలు కాదు, మా వాళ్ళూ ఒప్పుకుంటారు. నేను దాన్ని బయటికి తీసినప్పుడల్లా ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. మాటలు రావు పాపం. డ్రమ్ములవాడైతే కళ్ళు గట్టిగా మూసేసుకుంటాడు.

ఈ అద్దె గిటారుకి మెట్లున్నాయి, చిన్నపిల్లలు నేర్చుకునే రకం. దీనితో వాయిస్తుంటే నాకు ప్రాణం పోతోంది. విచిత్రమేమిటంటే, ఈ నెలంతా మా వాళ్ళు మహా హుషారుగా ఉన్నారు. నిన్న పాట అయ్యాక కీబోర్డు అతను నన్ను కౌగిలించుకున్నాడు. కొత్త ఊళ్ళ గాలి పడ్డట్టుంది.

నీ కాళ్ళు పట్టుకుంటాను, దాన్ని ముట్టుకోకు. ఆ కొలతల మనిషి ఎవడో, వాణ్ణి గుమ్మం దగ్గరే ఆపెయ్.

కంగారుతో,
బామ్మర్ది

తా.క.: దుప్పట్లు దించండి.

*

చిరంజీవి బామ్మర్దికి,

నీ ఉత్తరం అందింది. రంపం కింద పెట్టి చదవమన్నావు, అలాగే చేశాను. దానితో పని అప్పటికే అయిపోయింది.

మెడ మీద సన్నటి రంపంతో గాళ్ళు కోశాను. ఒక్కో మెట్టూ చెక్కసుత్తితో మెత్తగా కొట్టి దింపాను. చివర్లు నీ వేళ్ళకి గీసుకోకుండా ఆకురాయితో రాశాను. చెయ్యి పెట్టి చూస్తే పసిపిల్ల బుగ్గలా ఉంది. పట్టాల మీద రైలు అన్నావు కదా, మంచిదే. పట్టాలు వేశాను, ఇక నీ రైలు పొలాల్లోకి పోదు.

నీ చెవి గొప్పదని రాశావు. కాదనడానికి నేనెవణ్ణి? నాకు చెక్క తెలుసు, చెవులు తెలియవు.

ఆశీస్సులతో,
బావ

తా.క.: గిటారు బల్ల మీద ఉన్నన్నాళ్ళూ నల్లపెట్టె ఖాళీగా ఉంది. లోపల మెత్తటి ముఖమల్. మన పిల్లి అందులో ఈనింది. పిల్లలు కళ్ళు తెరిచేదాకా పెట్టె కదిపితే ఊరుకోనని మీ అక్క హుకుం. అందుకని గిటారునీ వైరునీ దుప్పటిలో చుట్టి పంపుతున్నాం. శుభ్రమైనదే, నీ వైరు మీద ఆరేసిందే.

*

మహారాజరాజశ్రీ దారుశిల్ప చక్రవర్తి బావగారి సముఖానికి,

తమరు దయతో పంపిన మూట అందినది. తమరి చేతి నేర్పును కళ్ళారా చూశాను. కసాయివాడైనా వేటు వేసేముందు ఒకసారి ఆలోచిస్తాడు. తమరు అదీ చెయ్యలేదు.

రేపే హోటల్ వాళ్ళు వింటున్నారు. అద్దె గిటారు షాపువాడికి తిరిగి ఇచ్చేశాను. ఇంకొకటి తెచ్చుకునే వ్యవధి లేదు. ఈ పిల్లల బొమ్మతోనే వెళ్ళాలి.

మా వాళ్ళకి చూపించాను. ఒక్క విషయంలో మాత్రం తమరికి రుణపడి ఉంటాను, వాళ్ళ మనసులు తెలిశాయి. గాయకుడు "అయ్యో, ఎంత పని జరిగింది!" అంటూ గోడ వైపు తిరిగిపోయాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. డ్రమ్ములవాడు నోట్లో రుమాలు కుక్కుకుని బయటికి పరిగెత్తాడు. ఇన్నాళ్ళూ వీళ్ళవి రాతిగుండెలనుకున్నాను. నా దుఃఖం వాళ్ళని ఇంతగా కదిలిస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

రేపు ఆ తలుపు మా మొహాన మూసుకుంటే, అయిదుగురి ఉసురు తమరికి తగులుతుంది.

తమరి విధేయుడు,
ఒకప్పటి బేస్ కళాకారుడు

తా.క.: పిల్లిపిల్లల్లో నల్లది ఉంటే ఎవరికీ ఇవ్వకండి. కోపం వేరు, అది వేరు.

*

బావగారికి,

జవాబు రాయలేదు. సిగ్గుపడుతున్నారని అర్థం చేసుకున్నాను. మంచి లక్షణమే.

హోటల్ మాకు దొరికింది! మేనేజరు రెండో పాటకే కాలు ఆడించాడు. అయిపోయాక నేరుగా నా దగ్గరకే వచ్చి, "వెనకాల ఆ బరువైన శబ్దం భలే కుదురుగా ఉందండీ, పాటంతా దాని మీదే నిలబడింది" అన్నాడు. ఇన్నేళ్ళలో నా దగ్గరకి వచ్చి ఒకడు మంచిమాట చెప్పడం ఇదే మొదటిసారి, బావగారూ. మామూలుగా నన్ను వైర్లు చుట్టేవాడనుకుని మంచినీళ్ళు ఎక్కడుంటాయని అడుగుతారు.

దీన్నిబట్టి తేలిందేమిటి? చేతికి ఏ తుక్కు ఇచ్చినా కళాకారుడు కళాకారుడే. ఈ పిల్లల బొమ్మతోనే ఇంత చేస్తే, అసలు సిసలైన నా గిటారు వింటే ఏమైపోతారు? అందుకే ఒక నిర్ణయానికి వచ్చాను. ఆదివారం గిటారు తెస్తాను. మీరు పాతిన మెట్లన్నీ మీ చేత్తోనే పీకి, గాళ్ళు పూడ్చి, మునుపటిలా నున్నగా చేసివ్వండి. చెయ్యనంటే ఇంకొకరి చేత చేయిస్తాను. హోటల్లో మొదటి వారమే మెట్లు లేని గిటారుతో దిగుతున్నానని మా వాళ్ళకీ చెప్పాను. మళ్ళీ మాటలు రాలేదు పాపం.

క్షమించేసిన,
బామ్మర్ది

తా.క.: నా వైరుకి బట్టల క్లిప్పు ఒకటి ఇంకా అతుక్కునే ఉంది. స్టేజీ మీద అందరూ చూశారు.

*

ఒరేయ్ బామ్మర్దీ,

ఆదివారం రా, కడుపునిండా తిను. గిటారు మాత్రం తేకు. ఆ మెట్లు పీకకు.

ఈ మాట చెప్పకుండానే గడిపేద్దామనుకున్నాను. నువ్వు కసాయి అన్నా పడ్డాను, చక్రవర్తి అన్నా పడ్డాను. ఇక కుదరదు. నువ్వు వాటిని పీకితే వాళ్ళు నిన్ను తీసేస్తారు.

నీ సామాను రావడానికి ముందే మీ గాయకుడు నా షెడ్డుకి వచ్చాడు. సగం చేసిన మంచం చట్రం మీద కూర్చుని చాలాసేపు చెమట తుడుచుకున్నాడు. తర్వాత చెప్పాడు. "మీ బామ్మర్ది బంగారం. అందరికంటే ముందొస్తాడు, అందరి సామానూ మోస్తాడు, మేం కొట్టుకుంటే మధ్యలో నిలబడతాడు. కానీ ఆ బోడి గిటారు తీశాడంటే వేలు ఒకచోట, స్వరం ఇంకోచోట. చెప్పబోతే 'మీకు చెవుల్లేవు' అంటాడు. హోటల్ వాళ్ళు అది విన్నారంటే మా పని అయిపోయినట్టే. వాడి చోట్లో ఇంకొకణ్ణి తెచ్చుకోమని అందరూ అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు" అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయిరా, నేను చూశాను. కొలతలు తెచ్చిన మనిషి కూడా వాడే.

ఉపాయం మీ అక్కది. "మా ఆయన తెలియక చేశాడంటే మా తమ్ముడు వెంటనే నమ్మేస్తాడు, అనుమానమే రాదు" అంది. నా గురించి నీకున్న అభిప్రాయం మీద ఆవిడకి అంత నమ్మకం. అదే జరిగింది.

నాకు సంగీతం తెలియదు. నీ ప్రాణం లాంటి వస్తువు మీద రంపం పెట్టాను, నీకు నొప్పి పుట్టింది, అది మాత్రం తెలుసు. నాకూ బాధగానే ఉంది.

నీ,
బావ

తా.క.: దుప్పట్ల సంగతి పథకంలో లేదు. అది మా తెలివితక్కువతనమే.

*

బావా,

రెండు రోజులు గిటారు ముట్టుకోలేదు. చాలా ఏడ్చాను. మూడో రోజు డ్రమ్ములవాడి దగ్గర మా పాత కార్యక్రమాల రికార్డింగులు అడిగి తెచ్చుకుని, తలుపేసుకుని విన్నాను. నువ్వు చెప్పింది నిజం. బ్యాండంతా ఒక వీధిలో పోతుంటే నేను పక్క వీధిలో పోతున్నాను, అదీ మహా ధీమాగా. మెట్లు ఉంచేస్తున్నాను. నువ్వు చివర్లు రాసిన తీరు గురించి ఇదివరకు ఒక్క మంచిమాట చెప్పలేదు. వేళ్ళకి హాయిగా ఉంది బావా.

ఇక ఒక రహస్యం. షెడ్డు దాటకూడదు.

కొన్నేళ్ళ కిందట మా గాయకుడి గొంతు పైస్వరాలు అందుకోవడం మానేసింది. పాట మధ్యలో చీదేసేది. అతన్ని మార్చేద్దామని డ్రమ్ములవాడు అన్నాడు. నేను ఒప్పుకోలేదు. చెప్తే ఆ మనిషి కుంగిపోతాడు, మళ్ళీ నోరు విప్పడు. అందుకని ఉపాయం ఆలోచించాను. అప్పట్నుంచీ అతనికి తెలియకుండా ప్రతి పాటా శ్రుతి దించి వాయిస్తున్నాం. కీబోర్డు అతను ఒక బటన్ నొక్కుతాడు, నేనూ గిటారు అతనూ స్టేజీ వెనకే తీగలు వదులు చేసుకుంటాం. ఏడాదికోసారి ఇంకాస్త దించుతాం. ఆయనగారేమో వయసు పెరిగేకొద్దీ గొంతు లేస్తోందని ఊరంతా చెప్పుకుంటున్నాడు!

నీ మంచం చట్రం మీద కూర్చుని, నా శ్రుతి బాగోలేదని కన్నీళ్ళు పెట్టుకున్నది ఆ మనిషే బావా. నీ ఉత్తరంలో ఆ ముక్క మళ్ళీ చదివాక గోడ వైపు తిరిగి నవ్వాను. నా భుజాలూ అలాగే ఎగిరెగిరి పడ్డాయి.

అక్కకి నమస్కారాలు చెప్పు. నీకు కూడా.

నీ,
వెనకాల నిలబడేవాడు

తా.క.: ఆదివారం నాతోపాటు డ్రమ్ములవాడు కూడా వస్తున్నాడు. వాయించేటప్పుడు కూర్చోవడానికి మంచి పీట కావాలట. పాట మొదలెట్టిన వేగానికీ ముగించే వేగానికీ వాడికి సంబంధం ఉండదు, మేం వెనకాల పరిగెత్తలేక చస్తున్నాం. వెనక్కి వాలి తీరిగ్గా కూర్చోవాల్సిన కుర్చీ ఏదైనా చెయ్యి. అడిగితే, పీటకి కొలత తప్పిందను. నువ్వంటే వెంటనే నమ్మేస్తాడు. ఈ ఆలోచన నాదీ, మా గాయకుడిదీ.