దాడుల రిజిస్టరులో నాకూ ఒక గడి

దీర్ఘకాలిక వార్డు సూపరింటెండెంటు గారి సముఖమునకు,

చొక్కాలకు కాజాలు కుట్టుకుని బతికే, పదహారో నంబరు మంచం రోగి భార్య వ్రాసుకొన్న అర్జీ.

విషయం: నా భర్త నన్ను కొట్టుటను దాడిగా నమోదు చేయుట, సోమవారం నాటి డిశ్చార్జి నిలుపుట గురించి.

అయ్యా,

1. నా భర్త, వయసు డెబ్బై నాలుగు, లేతు మిషను పనిచేసి రిటైరైనవారు, మతిమరుపు జబ్బుతో అయిదు నెలలుగా తమ వార్డులో ఉన్నారు.

2. ఇటువంటి మగరోగులకు కొట్టుడు ఎక్కువైనచో మగ హార్మోను తగ్గించు ఇంజెక్షను ఇచ్చి చూచుట కద్దని డాక్టరు గారు సెలవిచ్చారు. హార్మోనే కారణమని గట్టిగా చెప్పలేమన్నారు, అయినా ప్రయత్నించవచ్చునన్నారు. అందుకు రిజిస్టరులో మూడు దాడులు నమోదై ఉండవలెనట.

3. రిజిస్టరులో ఉన్నది "సిబ్బందిపై దాడి" అను గడి ఒక్కటే. సిబ్బంది దగ్గర ఆయన కొత్త అల్లుడంత బుద్ధిగా ఉంటారు. మధ్యాహ్నం నేను అన్నం తినిపించేటప్పుడే చెయ్యి లేస్తుంది. ఈ నెలలో నాలుగుసార్లు లేచింది. నా కుడి మణికట్టు వాచి సూది పట్టడం మానేశాను.

4. ఇది రాయమని అడుగగా హెడ్ నర్సు గారు, "మీరు సిబ్బంది కాదు కదమ్మా, మొగుడూపెళ్లాల విషయం మేమెలా రాస్తాం?" అన్నారు. ముప్పై ఎనిమిదేళ్లుగా అదే మాట వింటున్నాను. అత్తగారి నోట విన్నాను, పక్కవాటా వాళ్ల నోట విన్నాను, చివరికి మా అన్నయ్య నోటా విన్నాను. అప్పుడు ఆయనకు ఏ జబ్బూ లేదు. ఫోర్‌మన్ ముందు ఒక్కనాడూ లేవని హార్మోను ఇంటికొచ్చి నా ముందే ఎందుకు లేచేదో తమరే విచారించవలెను.

5. నమోదైన దాడులు సున్నా గనుక ఆయన శాంతస్వభావులని తేల్చి, సోమవారం ఇంటికి పంపుతున్నారు. మాది ఒంటి గది. నాకు భయంగా ఉంది.

కావున నా దెబ్బలను కూడా దాడులుగా లెక్కించి, ఆ ఇంజెక్షను మొదలుపెట్టించి, అది పనిచేసేదీ లేనిదీ తేలేవరకు ఆయనను వార్డులోనే ఉంచవలసినదిగా వేడుకొనుచున్నాను. తమరు దయతో చిత్తగించి, సోమవారం లోపు ఉత్తర్వు ఇప్పించవలెను.

తమ విధేయురాలు,
పదహారో నంబరు మంచం తాలూకు భార్య

తా.క.: నిన్న వార్డు ఆయమ్మ జాలిపడి తన డ్యూటీ నీలం కోటు నాకు తొడిగింది. అది వేసుకుని ఉండగా కొడితే సిబ్బంది కింద రాయవచ్చునని మా ఉపాయం. తప్పే, క్షమించండి. ఆయన కొట్టలేదు. అన్నమంతా తిన్నారు. తర్వాత నా కోటు చెయ్యి పట్టుకుని మెల్లగా, "మా ఆవిడొస్తే లోపలికి రానివ్వకమ్మా. కనబడితే నా చెయ్యి ఊరుకోదు," అన్నారు. ఇన్నేళ్లలో నా మంచి కోరి ఆయన అన్న మాట ఇదొక్కటే. అదీ నేనని తెలిసి అన్నది కాదు.

ఇంటికి పంపక తప్పదంటే, ఆ కోటు ఒకటి నాకు ఇప్పించండి.