మెల్లగా అడగండి

ఆంగ్ మో కియో, సింగపూర్
మార్చి 9

ప్రియమైన శర్మిలకి అక్క కోటేశ్వరి ఆశీస్సులు.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని ఆశ్చర్యపోతావు. మా ఫ్లాట్ సంగతి నీకు తెలుసు కదా. వంటింట్లో గుసగుసలాడినా వర్షిత గదిలో వినపడుతుంది. నిన్న నీతో మాట్లాడి ఫోన్ పెట్టేశానో లేదో, నీ కూతురు వచ్చి, "పెద్దమ్మా, ఐర్లాండ్ వాళ్లు నో అంటే నేను అమ్మ దగ్గరకి వెళ్లనా?" అని అడిగింది. తొమ్మిదేళ్ల పిల్ల. అందుకే వీరాస్వామి మాస్టారు మలేసియాలో మన పేరాక్ ఎస్టేటు బడిలో మనిద్దరి చేతా దిద్దించిన అక్షరాలని ఇన్నేళ్లకి బయటికి తీశాను. కాగితం మీద రాసిన మాట పక్క గదికి వినపడదు.

పిల్ల బాగానే ఉంది. అన్నం తింటోంది, లెక్కల్లో మార్కులు వస్తున్నాయి. యూనిఫాం పొట్టిదైపోతే కొత్తది కొన్నాను. రెండు సైజులు పెద్దదే తీసుకున్నాను, ఎందుకైనా మంచిదని.

ఇక అసలు సంగతి. నువ్వు పంపిన పార్లమెంటు వీడియో చూశాను. సాయంత్రం దీపం పెట్టి, స్వామి పటం ముందే కూర్చుని చూశాను. మీ ఊరి ప్రతిపక్షం ఆవిడ, నోరా హెనెగన్ గారు, ఏమిటమ్మా అలా అరుస్తుంది! "లిమరిక్‌లో మన తల్లిదండ్రులకి అన్నం తినిపిస్తున్న ఆడవాళ్ల పిల్లలు పద్నాలుగు నెలలుగా ఎక్కడున్నారో మంత్రికి తెలుసా?" అంటూ బల్ల మీద కొట్టింది. మంత్రిగారి ముఖం ఎర్రబడింది. పైన కూర్చున్న పెద్దాయన గంట కొట్టినా ఆగలేదు. వర్షితని అక్కడికి పిలిపించుకునే నీ అర్జీ ఆ మంత్రిగారి చేతిలోనే కదా ఉంది? అంతమందిలో పరువు తీస్తే, కోపంలో మన కాగితం కిందకి తోసేస్తే? అమ్మ మనకేం చెప్పింది? ఆఫీసులోకి వెళ్తే చేతులు కట్టుకుని మెల్లగా చెప్పుకోమంది.

ఆవిడని కొంచెం నెమ్మదిగా ఉండమని చెప్పు.

నీ అక్క,
కోటేశ్వరి

* * *

లిమరిక్, ఐర్లాండ్
మార్చి 22

ప్రియమైన అక్కకి,

నీ కవరు చూసి, నేను పనిచేసే వృద్ధుల హోమ్‌లో అందరూ నా చుట్టూ మూగారు. ఇక్కడ మాకు ఉత్తరాలంటే కరెంటు బిల్లులే. నీ గుండ్రటి అక్షరాలు చూపిస్తే తొంభై ఏళ్ల బామ్మ ఒకావిడ, "ఇవి అక్షరాలా, ముగ్గులా?" అంది.

నోరాని నెమ్మదిగా ఉండమని నేను చెప్పాలా! అక్కా, అరవడం ఆవిడ ఉద్యోగం. ప్రతిపక్షం అంటే ప్రభుత్వాన్ని అడగడానికే ఉన్నారు. అడగకపోతే ఇక్కడి జనం ఆవిడనే తిడతారు. శనివారం పొద్దున్న ఒక హోటల్లో మూల బల్ల దగ్గర కూర్చుంటుంది, ఎవరైనా వెళ్లి చెప్పుకోవచ్చు. నేను వెళ్లినప్పుడు నా ముందు ఒక రైతు, ఆయన గొర్రెల సంగతి. నా వంతు వచ్చేసరికి ఏడుపొచ్చింది. ఆవిడ టీ కప్పు నా ముందుకి తోసి, "ఏడవడం తర్వాత. ముందు తేదీలు చెప్పు," అంది. నాలాంటి తల్లులు ఈ జిల్లాలోనే ముప్పై ఒక్కమంది ఉన్నారట. అందరి తేదీలూ రాసి పెట్టుకుంది. బయట మంత్రీ ఆవిడా ఒకే క్యాంటీన్లో సూపు తాగుతారట, కంగారు పడకు.

నువ్వు మాత్రం ఎవరికీ ఏమీ రాయకు. నీ సంగతి నాకు తెలుసు. అమ్మ పోయినప్పుడు ఆస్పత్రి వాళ్లకి ఇబ్బంది కలిగించామని క్షమాపణ ఉత్తరం రాసినదానివి నువ్వు!

యూనిఫాం రెండు సైజులు పెద్దది ఎందుకక్కా? సెప్టెంబరుకి పిల్ల ఇక్కడ ఉండాలి. ఉండకపోతే నేనే ఉద్యోగం వదిలేసి వచ్చేస్తాను. ఇంకో ఏడాది దాన్ని ఫోన్లో పెంచలేను.

బావకి నమస్కారాలు. వర్షిత బుగ్గ మీద నా బదులు ఒక ముద్దు పెట్టు.

నీ చెల్లి,
శర్మిల

* * *

ఆంగ్ మో కియో
ఏప్రిల్ 3

ప్రియమైన శర్మిలకి,

నీ ఉత్తరం ఆలస్యంగా వచ్చింది. కోప్పడకు. అప్పటికే రాసేశాను.

జరిగింది ఉన్నదున్నట్టు చెప్తాను. మా బ్లాకు కింద ఖాళీ జాగాలో ఎంపీ గారు వారానికొకసారి కూర్చుంటారు కదా. నంబరు తీసుకుని కూర్చుంటే, అక్కడి వాలంటీరు పిల్లలు మన గోడు విని మర్యాదగా ఒక ఉత్తరం తయారుచేస్తారు. పైకప్పు కారుతోందని వెళ్లినప్పుడు అలాగే పని అయింది, ఎవరూ అరవలేదు. అందుకని మొన్న వెళ్లి, ఐర్లాండ్ మంత్రిగారికి ఒక ఉత్తరం రాయించి పెట్టమన్నాను. ఆ అమ్మాయి కలం పక్కన పెట్టి, "ఆంటీ, మా ఎంపీ మీ లిఫ్టు గురించి రాయగలరు, ఐర్లాండ్‌కి రాయలేరు లా," అంది, ఇక్కడి ఇంగ్లీషు అలవాటు కొద్దీ 'లా' తగిలించి. వెనక వరసలో ఉన్న చైనా తాతగారు కూడా నవ్వారు.

ఇంటికొస్తే మీ బావ, "తువాస్ షిప్‌యార్డులో పాతికేళ్లుగా అరుస్తున్నాను, నా మాట ఎవరూ వినలేదు. నీ గుసగుస ఐర్లాండ్ దాకా వినపడుతుందా?" అన్నారు. ఆ మాటకి నాకు రోషం వచ్చింది. బళ్లో ఫారమ్ ఫైవ్ దాకా చదివిన నా ఇంగ్లీషు ఎంతుందో అంతలోనే, పిల్ల బడికి వెళ్లిన వేళ, నేనే రాశాను. మంత్రిగారికి కాదులే, అంత ధైర్యం లేదు. ఆ నోరా గారికే రాశాను. శనివారం పెరుమాళ్ గుడిలో ఇచ్చిన కుంకుమ పొట్లం కూడా లోపల పెట్టాను. తపాలా ఆఫీసులో ఈ ఎర్రపొడి ఏమిటని అడిగారు. "దేవుడిది," అన్నాను. ఫారంలో అదే రాయమన్నారు.

ఏం రాశానో మాత్రం అడగకు. తప్పయితే పెద్ద మనసు చేసుకో.

నీ అక్క,
కోటేశ్వరి

* * *

లిమరిక్
ఏప్రిల్ 30

నా పిచ్చి అక్కకి,

ఏం రాశావో నేను అడగక్కర్లేదు. ఐర్లాండ్ దేశమంతా వింది.

గురువారం పార్లమెంటులో ప్రశ్నల సమయం. హోమ్‌లో టీవీ పెట్టుకుని ముసలివాళ్లూ మేమూ కూర్చున్నాం. నోరా లేచింది. మంత్రి ముందే భుజాలు బిగించుకున్నాడు. ఆవిడ అరవలేదు. కళ్లజోడు పెట్టుకుని ఒక కాగితం తీసింది. "సింగపూర్ నుంచి ఒక అక్కగారు నాకు రాశారు," అని చదవడం మొదలుపెట్టింది.

"అమ్మా, మా పిల్ల కోసం మీరు చాలా గట్టిగా మాట్లాడారు. మీ గొంతు నొప్పి పుట్టి ఉంటుంది. వేడి పాలలో మిరియాల పొడి, పసుపు వేసుకుని తాగండి. మంత్రిగారిని తిట్టకండి. ఆయన్ని కన్నతల్లి కూడా టీవీ చూస్తుంది కదా. మెల్లగా అడగండి. వర్షిత వాళ్లమ్మ దగ్గరకి ఎప్పుడు వెళ్తుంది?"

అక్కా, సభలో ఒక్కరూ నవ్వలేదు. నోరా కళ్లజోడు తీసి నిజంగా మెల్లగా, మన అమ్మ మాట్లాడినట్టే, "మంత్రిగారూ, వర్షిత వాళ్లమ్మ దగ్గరకి ఎప్పుడు వెళ్తుంది? మిగిలిన ముప్పైమంది తల్లుల పిల్లలూ ఎప్పుడు వెళ్తారు?" అని అడిగి కూర్చుంది.

మంత్రి లేచాడు. చేతిలో కాగితాలు చూశాడు, పక్కన పెట్టేశాడు. "గట్టిగా అడిగే ప్రశ్నకి జవాబు రాసుకొచ్చాను. దీనికి రాసుకురాలేదు," అన్నాడు. ఆ పైన, ముప్పై ఒక్క అర్జీలూ నాలుగు వారాల్లో తేలుస్తానన్నాడు. అంతే, నోరా ఒక్క గెంతున లేచి, "నాలుగు వారాలన్నారు! అందరూ విన్నారు! రాసుకోండి!" అని పాత గొంతుతో కేక పెట్టింది. గంట మోగింది. సభంతా పగలబడి నవ్వింది, మంత్రితో సహా. మా బామ్మ, "ఆ ముగ్గుల ఆవిడేనా?" అని నన్ను చేయి పట్టుకుని ఊపేసింది.

మరీ పొంగిపోకు. ఆవిడ నాలుగుసార్లు అరిచింది కాబట్టే ఐదోసారి మెల్లగా అడిగితే వినపడింది. నోరా కూడా అదే అంది. పాలు మాత్రం తాగుతోందట. కుంకుమ ఏం చేయాలని అడిగితే నేనే బొట్టు పెట్టాను. తుడుచుకోకుండా డబ్లిన్ వెళ్లిపోయింది.

నాలుగు వారాలు, అక్కా. పిల్లకి అప్పుడే చెప్పకు.

నీ శర్మి

* * *

ఆంగ్ మో కియో
జూన్ 14

ప్రియమైన శర్మిలకి,

ఈ ఉత్తరం చేరేసరికి వర్షిత నీ పక్కలో కాళ్లు అడ్డంగా వేసి పడుకునే అలవాటు నీకు పాతదై ఉంటుంది. అనుమతి వచ్చిన రోజు ఇల్లంతా గంతులేసింది. కింద టిఫిన్ల కొట్టు హాకర్ అంకుల్ దాకా వెళ్లి చెప్పింది. ఆయన కొబ్బరి జాము రాసిన కాయా టోస్టు ఊరికే ఇచ్చి, "అక్కడ ఇది దొరకదు, ఇప్పుడే తిను," అన్నాడు.

విమానాశ్రయంలో జరిగింది పిల్ల నీకు చెప్పే ఉంటుంది, కానీ అది ఎక్కువ చేసి చెప్తుంది. ఒంటరిగా వెళ్లే పిల్లల ఫారంలో ఒక సంతకం తక్కువైందని, రేపు రమ్మని కౌంటర్ అమ్మాయి అంది. మీ బావ సరేనని సంచీ ఎత్తుకున్నారు. నేనూ అలవాటుగా చేతులు కట్టుకున్నాను. అంతలో ఏమైందో, నా చెయ్యి కౌంటర్ మీద పడింది. "ఈ పిల్ల వాళ్లమ్మ దగ్గరకి ఎప్పుడు వెళ్తుంది?" అన్నాను. పక్క కౌంటర్లో వాళ్లు కూడా తిరిగి చూశారు. యాభై ఏళ్లలో నా గొంతు నేను అంత గట్టిగా వినలేదు. మేనేజరు పరుగున వచ్చి, అక్కడే సంతకం పెట్టించి పంపించాడు. "పెద్దమ్మా, యూ సో ఫియర్స్ లా!" అంటూ నీ కూతురు నా నడుం పట్టుకుని వేలాడింది. మీ బావ ఇప్పుడు నన్ను, సభలో నోరా గారిని పిలిచినట్టు, డెప్యూటీ గారూ అని పిలుస్తున్నారు. "డెప్యూటీ గారూ, కాఫీ!" అంటారు.

ఇక ఒక్క మాట చెప్పాలి. యూనిఫాం రెండు సైజులు పెద్దది ఎందుకని అడిగావు. నేను జవాబు రాయలేదు. పిల్ల ఇంకో రెండేళ్లు ఇక్కడే ఉంటుందని నా మనసు లెక్క కట్టుకుంది శర్మీ. మంత్రిగారి పరువు గురించి భయపడ్డానని రాశాను, అది అబద్ధం కాదు. కానీ ఆవిడ అంత గట్టిగా అడిగితే పిల్ల నిజంగానే వెళ్లిపోతుందని కూడా భయపడ్డాను. మెల్లగా అడగమన్నప్పుడు, మెల్లగా జరగాలనే కోరుకున్నానేమో. స్వామి నా లోపలి మాట వదిలేసి, కాగితం మీది మాట పట్టుకున్నాడు. ఆ మాటతోనే పిల్లని నీ దగ్గరకి పంపించాడు. శనివారం గుడిలో లెంపలేసుకోబోతే నవ్వొచ్చింది. ఎంత నవ్వొచ్చిందంటే పూజారిగారు తీర్థం గిన్నె పట్టుకుని ఆగిపోయారు.

దాని గది ఖాళీగా ఉంది. అయినా మనసు నిండుగా ఉంది, ఏమిటో. ఆ యూనిఫాం కింది అంతస్తు పాపమ్మ మనవరాలికి ఇచ్చాను. సరిగ్గా సరిపోయింది.

ఈ కాగితాలు చింపకు, నీ పెట్టెలో అడుగున దాచుకో. వర్షితకి చూపించకు, అది మళ్లీ నా మీద జాలిపడుతుంది. ముఖ్యంగా ఆ నోరా గారికి అసలు చూపించకు తల్లీ. కళ్లజోడు పెట్టుకుందంటే ఆవిడని ఎవరూ ఆపలేరు.

నీ అక్క,
కోటేశ్వరి