నాన్న వేళ్లు

తమ్ముడూ,

నువ్వు నాన్న కంప్యూటర్‌లో వేసి వెళ్లిన కొత్త సిస్టం చకచకా పనిచేస్తోంది, దానికి వంక పెట్టను. కానీ మాట పడిపోయాక ఆయనకు ఆ కీబోర్డే నోరు కదా. నువ్వు వెళ్లినప్పటి నుంచీ పొంతన లేని అక్షరాలే కొడుతున్నారు. తెర చూసి, విసుక్కుని, కీబోర్డు తోసేస్తున్నారు. మతి కూడా చలించిందేమోనని డాక్టరన్నారు. నేనూ నమ్మాను, ఆయనతో అరిచి అరిచి మాట్లాడాను. నీకూ అదే చెప్పాను.

నిన్న మధ్యాహ్నం తెర వదిలేసి ఆయన వేళ్లు చూశాను. జీవితమంతా ప్రెస్సులో డీటీపీ చేసిన వేళ్లు, నాకు టైపు నేర్పిన వేళ్లు. అవి ఒక్క తప్పూ చెయ్యడం లేదురా. కొత్త సిస్టంలో తెలుగు అక్షరాలే వేరే కీల మీదికి మారిపోయాయి. పాత వరస గుర్తు తెచ్చుకుని, ఆయన కొట్టింది కూడబలుక్కుని చదివాను.

"అరవక్కర్లేదు. నాకు అన్నీ వినపడుతున్నాయి."

ఈ ఆదివారం వచ్చి ఆ పాత వరస మళ్లీ పెట్టి వెళ్లు. ఎలా పెట్టాలో నాకు తెలియదు.

ఇంకో మాట. మొన్న నువ్వు నాన్నను వృద్ధాశ్రమంలో చేర్చేద్దామన్నప్పుడు ఫోను స్పీకర్‌లో ఉంది. నేను సరేనన్నది ఆయన మంచం మీద కూర్చునే.

అక్క