టిష్యూ ప్యాకెట్టూ, ఇంగ్లండ్ ఆల్బర్టూ

ఆదివారం

ఇందుమూలంగా జురాంగ్ వెస్ట్ ప్రజలందరికీ తెలియజేయడమేమనగా, కాఫీ షాపులో టీవీ ఎదుటి బల్ల మీద ముందుగా టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేసినవాడిదే, అంటే చోటు ఆపుకున్నవాడిదే ఆ బల్ల. సింగపూరంతా పాటించే ఈ ధర్మం మా బ్లాకు ప్రభాకర్‌గాడికి మాత్రం పట్టదు. బ్యాంకు ఉద్యోగం కదా, ఒళ్ళంతా పొగరు. నేను టీ తెచ్చుకునేలోగా నా ప్యాకెట్ పక్కకు తోసి కూర్చున్నాడు.

"మ్యాచ్ అర్థమయ్యేవాళ్ళు చూడాలి గురువుగారూ. తువాస్ షిప్‌యార్డులో వెల్డింగ్ చేసుకునే మీకు ఫుట్‌బాల్ ఎందుకండీ?" అన్నాడు, మా అమ్మాయి స్వాతి వింటుండగానే.

నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇంగ్లండ్ ఆల్బర్ట్ పేరు విన్నావా? డెబ్బై ఏళ్ళ కిందటి ఆటగాడు. బొగ్గుగనిలోంచి వచ్చాడు. వానకి తడిసి రాయిలా బరువెక్కిన తోలు బంతిని తలతో కొట్టాడు. మోకాలు విరిగాక క్లబ్బు వదిలేస్తే, షిప్‌యార్డులో వెల్డింగ్ చేసుకుని బతికాడు. ఆట నేర్పిందే వెల్డర్లు, లేవరా!"

చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. వెధవ లేచాడు.

"సూపర్ లా, నాన్నా! రేపు క్లాసులో చెప్తా," అంది స్వాతి సింగపూర్ యాసలో. నా పనిని అది గొప్పగా చూడడం ఇదే మొదటిసారి.

ప్రభాకర్‌గాడు ఈపాటికి ఫోన్‌లో వెతుకుతూ ఉంటాడు. వెతుక్కోనీ, వాడి మొహం. స్వాతి స్కూలుకు బయల్దేరేలోగా దానికి చెప్పాలో, మానాలో... గని నిజమే, తోలు బంతి నిజమే, మోకాలూ నిజమే, టీవీలో చూశాను. ఆ తర్వాత ఆల్బర్ట్ పెట్టుకున్నది బట్టల కొట్టు. షిప్‌యార్డూ, వెల్డింగూ మాత్రం పూర్తిగా నా కల్పన.