ధైర్యం బిళ్ళ

మార్చి 4

డాక్టరమ్మ మందు రాసిచ్చింది. రాత్రి పడుకునే ముందు ఒకటి. ఈ మందు వాడినన్నాళ్ళూ తను సరేననే దాకా స్టీరింగ్ ముట్టుకోకూడదట. నీ అంతట నువ్వు పెంచొద్దు, నీ అంతట నువ్వు మానొద్దు, ఇంకొకరికి ఇవ్వొద్దు అని వేలు చూపిస్తూ మరీ చెప్పింది. నేనేమన్నా పలకా బలపం పట్టుకున్న పిల్లనా? డ్రైవింగ్ స్కూల్లో ఇన్‌స్ట్రక్టర్‌ని! పొద్దస్తమానం జనానికి రూల్స్ చెప్పేదాన్ని. పక్కనుంచి లారీ పోతే చాలు, గుండె దడ, చెమటలు, ఊపిరాడదు. అందుకని వెళ్ళాను గానీ, లేకపోతే ఆ గడప తొక్కేదాన్నా?

స్కూలు అక్కయ్యది, బావది. కింద ఆఫీసు, పైన ఇల్లు. నేర్పే కారులో నా కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఇన్నేళ్ళూ అందరి ప్రాణాలూ దాని మీదే. ఇప్పుడది బావకి అప్పజెప్పి, నేను క్లాసురూములో కూర్చుని సిగ్నల్ బొమ్మలు చూపించాలట. ఒళ్ళు మండిపోతోంది.

మార్చి 5

నిద్ర పట్టింది. హాయిగా పట్టింది. కోపం మాత్రం నాతోపాటే లేచింది.

మార్చి 9

మా ఇంట్లో ఒక బిస్కెట్ డబ్బా ఉంది. అందులో బిస్కెట్లు ఎప్పుడుండేవో ఎవరికీ గుర్తులేదు. బావ బీపీ బిళ్ళలు, అక్కయ్య మోకాళ్ళ ఆయింట్‌మెంట్, పేరు చెరిగిపోయిన బిళ్ళల షీట్లు, అన్నీ అందులోనే. తనా మనా లేదు. ఎవరికి ఎక్కడ నొప్పొస్తే వాళ్ళు చెయ్యి పెట్టి కెలుక్కోవడమే.

నా బీరువాలో పెట్టుకున్న షీటు కూడా ఇవాళ అందులో కనబడింది. అక్కయ్యే సర్దిందట. విడిగా దాచుకోవడానికి అదేమన్నా బంగారమా అని పైగా ఒక మాట. నేనూ ఊరుకున్నాను.

మార్చి 13

క్లాసుకి పూలకొట్టు ఆంటీ వచ్చింది. మొగుడు కాలు విరిగి మంచాన ఉన్నాడు. ఈవిడకి లైసెన్స్ వస్తేనే కొట్లో పూలు డెలివరీకి కదిలేది. మహా పిరికిది. పక్క వీధిలో పిల్లి తుమ్మినా బ్రేకు తొక్కే రకం. సోమవారం టెస్టు.

షీట్లో బిళ్ళలు తగ్గాయి. నేను మింగినదానికంటే ఎక్కువే తగ్గాయి. నిద్రమత్తులో రెండోది కూడా వేసుకుంటున్నానా ఏంటి? అక్కయ్యని అడిగితే నాకేం తెలుసే అంది. అంటున్నంతసేపూ తరుగుతున్న ఉల్లిపాయ మీంచి తల ఎత్తలేదు.

మార్చి 17, మధ్యాహ్నం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

టెస్టు గ్రౌండ్ గేటు దగ్గరే నిలబడి చూశాను. ఆంటీ సొంత కారు తాపీగా వచ్చింది, అందులో పక్క సీటుకి బ్రేకు ఉండదు. స్టాప్ గీత దాటింది. ఎదురుగా గ్రౌండు ఊడ్చే ఆయన. బ్రేకు పడలేదు. ఆయన చీపురు వదిలేసి పక్కకి దూకాడు కాబట్టి బతికాడు. కారు గోడకి గుద్దుకుంది. పక్కన కూర్చున్న ఇన్‌స్పెక్టర్ నుదురు చిట్లింది.

పరిగెత్తుకెళ్ళి తలుపు తీస్తే ఆంటీ ఆవలిస్తోంది. ఆపాలని తెలుసమ్మా, కంగారే పుట్టలేదు అంది. మీ అక్కయ్యగారు పొద్దున ధైర్యం బిళ్ళ ఇచ్చారుగా, సగమేలే అంది.

సగమే!

మార్చి 17, సాయంత్రం

అక్కయ్యని కడిగేశాను. ముందు నంగనాచిలా నిలబడింది, తర్వాత ఎదురు తిరిగింది. పాపం వణికిపోతుంటే చూడలేక ఇచ్చానే, నీకు పనిచేసింది కదా అంది. పోయిన వారం టెస్టుకి వెళ్ళిన వాళ్ళకీ ఇచ్చిందట. వాళ్ళు పాసయ్యారట కూడా. వాళ్ళ అదృష్టాన్ని తన వైద్యం అనుకుంది మహాతల్లి! ఆంటీ పొద్దున్నే జలుబు మందు కూడా వేసుకుందట. అదీ మత్తు మందే. ఇచ్చే ముందు అడిగావా అంటే, అడగాలని నాకేం తెలుసు అంది. తెలియనప్పుడు ఇవ్వడం ఎందుకూ? బావ టీవీ సౌండు పెంచాడు. వెళ్ళి ప్లగ్గు పీకేశాను.

మార్చి 18

ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు, మిగిలిన షీటంతా అక్కయ్య బాత్రూములో పారబోసి నీళ్ళు కొట్టేసింది. ఇది ఉంటేనే కదా ఈ గొడవ, నీకూ అలవాటైపోతుంది, మానెయ్ అంది.

సరే, మానేస్తాను. నాకు మాత్రం పౌరుషం లేదా?

మార్చి 20

పౌరుషం పాడుగాను. రెండు రాత్రులుగా కన్ను మూతపడలేదు. గ్లాసు పట్టుకుంటే నీళ్ళు ఒలికిపోతున్నాయి. గడియారం చప్పుడుక్కూడా ఏడుపొస్తోంది.

అక్కయ్యని చెయ్యి పట్టి లాక్కెళ్ళాను, క్లినిక్‌కి. డాక్టరమ్మ నన్నే ముందు తిట్టింది. ఉన్నట్టుండి ఆపితే ఇలాగే అవుతుందని, ఆ రోజే ఫోన్ ఎందుకు చేయలేదని. మళ్ళీ రాసిచ్చింది, తనే మెల్లమెల్లగా తగ్గిస్తుందట. తర్వాత అక్కయ్య వైపు తిరిగి, ఎవరెవరికి ఇచ్చావమ్మా, వాళ్ళు ఇంకేం మందులు వాడుతున్నారు అని నెమ్మదిగా అడిగింది. అక్కయ్య నా వణికే చేతుల్నే చూస్తూ కూర్చుంది. తర్వాత వెక్కివెక్కి ఏడ్చింది.

నాకేం జాలి వెయ్యలేదు. వేసింది. అయినా ఇంటికి రాగానే ఎదురుగా కూర్చోబెట్టి, బిళ్ళ మింగిన ప్రతి ఒక్కరికీ ఫోన్ చేయించాను.

మార్చి 22

ఊడ్చే ఆయన ఇంటికి వెళ్ళి అక్కయ్య క్షమాపణ అడిగింది. ఆయన తలుపు వేసేశాడు. మంచి పని చేశాడు.

ఏప్రిల్ 6

బిస్కెట్ డబ్బాలో ఇవాళ బిస్కెట్లున్నాయి.

మే 28

డాక్టరమ్మ మందు పూర్తిగా ఆపింది. స్టీరింగ్ పట్టొచ్చంది. మళ్ళీ దడ వస్తే దాచుకోకుండా రమ్మంది.

మే 30

మొదటి క్లాసు పూలకొట్టు ఆంటీకే. చేతులు వణుకుతున్నాయమ్మా అంది. నావీ అన్నాను.

మలుపులో పిల్లి అడ్డం వచ్చింది. టక్కున బ్రేకు పడింది. నాది కాదు, ఆవిడది.