కుట్టుమిషన్ దయ్యం

హాంగ్‌కాంగ్,
12 జూన్ 1988, ఆదివారం

ప్రియమైన అమ్మకు,

ఈ ఉదయం ఇల్లు ఊడుస్తుంటే కిటికీ కింద నేల మీద నాలుగు గుండ్రటి గుర్తులు కనిపించాయి. వాటి సంగతి తర్వాత రాస్తాను. నేను కులాసా. పినాంగ్‌లో నువ్వూ, తుంటి విరిగిన పెద్దమ్మా కూడా కులాసాగా ఉన్నారని తలుస్తాను. సూప్ కాచుకుంటున్నావా అని అడిగావు. కాచుకుంటున్నాను. ఉద్యోగం ఉందా, పోయిందా అని అడిగావు. ఉందమ్మా. మొన్న శుక్రవారం దాకా నాకూ తెలియలేదు.

మీ సినిమాల పేర్లన్నిట్లోనూ దయ్యం ఎందుకని కూడా అడిగావు. అది మా యజమాని మాక్ గారి నియమం. పేరులో దయ్యం ఉండాలి, పక్కన ఇంట్లో వస్తువొకటి ఉండాలి. "టికెట్టు కొన్నవాడు ఇంటికెళ్లాక దేన్ని చూసి జడుసుకోవాలో మనమే చెప్పాలి" అంటారు. అద్దం, లిఫ్టు, బియ్యం డబ్బా అయిపోయాయి. ఈసారి నన్ను ఆలోచించమంటే 'కుట్టుమిషన్ దయ్యం' అన్నాను.

అయితే షూటింగ్ పూర్తయ్యేదాకా మా కంపెనీలో ఎవరూ ఆ పేరు పైకి అనరు. అసలైన దయ్యాలు విని వస్తాయని భయం. అందాకా 'వసంత గృహం' అనుకుంటారు. మొదటిరోజు పూజలో, వేయించిన పందిని నైవేద్యం పెట్టి, ఎర్ర కాగితం మీద ఆ మెత్తని పేరే రాసి కాలుస్తారు. కాన్వెంటు చేతిరాత బాగుంటుందని కాగితం నాకిచ్చారు. వారం రోజులుగా పోస్టరు కోసం రాస్తున్న అసలు పేరే అలవాటుగా చేతికొచ్చింది.

కాగితానికి నిప్పంటుకున్నాక, లో అనే మా పెద్ద నటి అది చదివేశారు.

"ఓసి నీ చేతిరాత తగలెయ్య! దానికి శుభలేఖ రాసి పంపావా? అది వచ్చేదాకా నేనిక్కడ కూర్చోవాలా?"

విగ్గు తీసి మాక్ గారి చేతిలో పెట్టి వెళ్లిపోయారు. "శుక్రవారానికి ఆవిడ రాకపోతే నువ్వూ రావద్దు" అన్నారాయన నాతో.

గురువారం నారింజలు తీసుకుని ఆవిడింటికి వెళ్లాను. నా సంగతి నీకు తెలుసు, గుమ్మంలోనే నిలబడిపోయాను.

"పళ్లు అక్కడే నిలబడి అమ్ముతావా, లోపలికొస్తావా?" అన్నారు.

"నేను పిలిచింది పరాయిదాన్ని కాదండీ," అన్నాను. "మా అమ్మమ్మని."

అమ్మా, ఇన్నాళ్లూ నీకు రాయలేకపోయింది ఇదే. అమ్మమ్మ పోయిన వారానికి, తొక్కేవాళ్లు లేకుండానే మనిద్దరం విన్న మిషన్ చప్పుడు గురించి ఎవరికీ చెప్పొద్దన్నావు. మాక్ గారికి కథగా చెప్పాను. లో గారికి నిజంగా చెప్పాను.

ఆవిడ నారింజ మొత్తం వలిచారు. "ఏం కుట్టేది?"

"నా కాన్వెంటు గౌన్లు."

"ఆ ముక్క ముందే ఏడవొచ్చుగా! ఇంటి పెద్దదాన్ని పిలిచి, అన్నం పెట్టకుండా కాగితం కాలుస్తారటే?"

శుక్రవారం మళ్లీ పూజ చేశాం. పంది పక్కన అమ్మమ్మకు ఒక గిన్నె అన్నం, చాప్‌స్టిక్స్, టీ పెట్టాం. లో గారు విగ్గు పెట్టుకున్నారు. మాక్ గారు పంది చెవి ముక్క నా పళ్లెంలో వేశారు. ఇంటికొచ్చి పది గంటలు ఒళ్లెరగకుండా నిద్రపోయాను.

నేల మీద గుర్తులు అమ్మమ్మ మిషన్ కాళ్లవి. షూటింగ్‌కి ఇచ్చాను, మంగళవారం తిరిగొస్తుంది. కోప్పడతావని తెలుసు. కోప్పడుతూనే జవాబు రాయి.

లో గారికి మిషన్ తొక్కడం రాదు. తెర మీద తొక్కే పాదాలు నావి.

ఇట్లు,
నీ ఒక్కగానొక్క కూతురు
సుక్-ఈ